మల్టిప్లయింగ్ డీఏసీతో పాట శబ్దం తగ్గించబోతే సగం అల మాయమవుతోంది

పర్లాకిమిడి_మైకుసెట్టు
మాది పర్లాకిమిడిలో మైకుసెట్టు దుకాణం. పెళ్ళిళ్ళకు, హరికథలకు, దండనాటకు, ఎన్నికల సభలకు సెట్లు అద్దెకు ఇస్తాము. మా ఆంప్లిఫయర్లలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది వాల్యూం కంట్రోలే. రోడ్డు దుమ్ము కార్బను పట్టీ మీద చేరుతుంది, ఆ తరువాత నాబు తిప్పిన ప్రతిసారీ గరగరమంటుంది. కిందటి మాఘమాసంలో ఒక పెళ్ళిలో పంతులుగారు గట్టిమేళం అంటూ చెయ్యి ఊపిన క్షణాన నేను నాబు తిప్పాను. సన్నాయికి బదులు పిండిమర ఆడిన శబ్దం వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి నాబు తీసేసి రెండు బొత్తాములు పెట్టాలని పట్టుబట్టాను. రిఫరెన్సు దగ్గర ఇచ్చిన వోల్టేజిని డిజిటల్ సంఖ్యతో గుణించి బయటికి అనలాగ్ వోల్టేజి ఇచ్చే మల్టిప్లయింగ్ డీఏసీ (డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే) ఐసీలు ఉంటాయని చదివి, డీఏసీ0808 ఒకటి సంపాదించాను. పాటను 4.7 కిలో ఓముల రెసిస్టరు ద్వారా 14వ పిన్నుకు, అంటే రిఫరెన్సుకు, ఇచ్చాను. ఆర్డునో ఊనో (ప్రోగ్రాముతో నడిచే చిన్న బోర్డు) నుంచి ఎనిమిది తీగలు లాగి, 0వ బిట్టును ఏ1కు, 7వ బిట్టును ఏ8కు కలిపాను. బయట 741 ఆప్ ఆంప్ (సంకేతాన్ని పెంచే ఐసీ) పెట్టాను. ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. పాట బొంగురుగా, చిరిగిన కోను స్పీకరులో విన్నట్టు వస్తోంది; స్కోపులో (అల ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) చూస్తే అలలో పై సగం ఉంది, కింది సగం లేదు. రెండవది మరీ వింతగా ఉంది: 1 పంపితే శబ్దం బాగా వస్తోంది, 128 పంపితే దాదాపు మౌనం. ఐసీ పాడైందా, నేను పొరబడ్డానా అన్నది తెలియక రెండు రాత్రులుగా కూర్చున్నాను.

జయపురం_తీగలు
రెండవ చిక్కుకు జవాబు ఒక్క ముక్కలో ఉంది. ఆ ఐసీలో ఏ1 అన్నది అన్నిటికన్నా పెద్ద బిట్టు, ఏ8 అన్నిటికన్నా చిన్నది. మీరు వరుసను తిరగవేసి కలిపారు. అందువల్ల మీరు పంపిన 1 అక్కడికి 128గా చేరుతోంది, 128 వెళ్ళి 1గా చేరుతోంది. నేను ఇదే తప్పుతో ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను, పైగా ఐసీ నకిలీదని కొట్టువాడితో తగవు కూడా పెట్టుకున్నాను. ఆయన ఇప్పటికీ నాకు అరువు ఇవ్వడు.

గుణుపురం_ల్యాబు
బిట్ల సంగతి జయపురం వారు చెప్పారు కాబట్టి నేను మొదటి చిక్కును తీసుకుంటాను. డీఏసీ0808 గుణించేది వోల్టేజిని కాదు, కరెంటును. 14వ పిన్నులోకి ప్రవేశించే కరెంటును మీరిచ్చిన సంఖ్యతో గుణించి, 256తో భాగించి, అంత కరెంటును 4వ పిన్ను ద్వారా లోపలికి లాగుకుంటుంది. మామూలుగా ప్రయోగశాలలో 10 వోల్టులను 5 కిలో ఓముల ద్వారా ఇచ్చి 2 మిల్లీయాంపియర్లు పంపుతాము, బయట ఆప్ ఆంప్‌కు అదే 5 కిలో ఓములు పెడతాము. అప్పుడు 255 దగ్గర 9.96 వోల్టులు వస్తాయి. అయితే 14వ పిన్ను వెనక ఉన్నవి ట్రాన్సిస్టర్లు. అవి కరెంటును ఒక్క దిక్కునే తీసుకుంటాయి. పాట అల సున్నాకు కిందికి దిగినప్పుడు కరెంటు ఆ పిన్నులో నుంచి బయటికి రావాలి, రాదు. కాబట్టి మీ పాటలో కింది సగం గుణించబడక ముందే తెగిపోయింది. ఐసీ పాడుకాలేదు.

దీనికి పుస్తకాల్లో చెప్పే మందు ఏమిటంటే, పాటతో పాటు ఒక స్థిరమైన కరెంటును, ఉదాహరణకు 1 మిల్లీయాంపియరును, కలిపి పంపడం. అప్పుడు అల 1 చుట్టూ పైకీ కిందికీ ఊగుతుందే తప్ప సున్నాను దాటదు. కానీ మీ పనికి ఈ మందు రోగం కన్నా చెడ్డది. ఐసీ పాటను గుణించినట్లే ఆ 1 మిల్లీయాంపియరును కూడా గుణిస్తుంది. సంఖ్య 255 ఉన్నప్పుడు బయట దాదాపు 5 వోల్టుల నిలకడ వోల్టేజి ఉంటుంది, 128కి దించితే అది 2.5 అవుతుంది. కండెన్సరు పెట్టి ఆ నిలకడను ఆపినా, మారిన క్షణంలో కలిగే దూకుడును అది ఆపదు. ఒక్కొక్క మెట్టుకు సుమారు 20 మిల్లీవోల్టుల దెబ్బ స్పీకరు దాకా వెళుతుంది. గరగర పోయి దబదబ వస్తుంది.

పర్లాకిమిడి_మైకుసెట్టు
తీగలు తిరగవేశాను, లెక్క సరిగా వస్తోంది. మాస్టారు చెప్పిన నిలకడ కరెంటును కూడా ఒకసారి పెట్టి చూశాను. పాట మొత్తం వచ్చింది. బొత్తాము నొక్కి పట్టుకుంటే మాత్రం ఎవరో తలుపు తడుతున్నట్టు వినిపించింది, మా ఆవిడ నిజంగానే లేచి వెళ్ళి తలుపు తీసింది. మరి ఈ పనికి ఏ ఐసీ తగినది?

రాయగడ_విద్యార్థి
మా ప్రయోగశాలలో 8085 మైక్రోప్రాసెసరు కిట్టుకు 8255 అనే పోర్టుల ఐసీ ద్వారా డీఏసీ0800 కార్డు తగిలించి రంపపు అల, త్రికోణపు అల గీయించారు. రికార్డు పుస్తకంలో రిఫరెన్సు అంటే మారకూడని వోల్టేజి అని రాసుకున్నాము. ఇప్పుడు మీరందరూ దానికే పాటను తగిలిస్తున్నారు. రిఫరెన్సును మార్చితే బయటి వోల్టేజి మారుతుందంటే, ప్రతి డీఏసీ గుణించేదే కదా? మరి కొన్నింటికే మల్టిప్లయింగ్ అన్న పేరు ఎందుకు పెట్టారు?

సిరొంచ_ప్రాణహిత
రాయగడ తమ్ముడి ప్రశ్న సరైనది. సూత్రం ప్రకారం ప్రతి డీఏసీ రిఫరెన్సును సంఖ్యతో గుణిస్తుంది. రిఫరెన్సును స్థిరంగా ఉంచితే ఆ గుణకారం మన కంటికి కనబడదు, అంతే. రిఫరెన్సును సున్నా దాకా దించినా, సున్నాకు కిందికి తీసుకుపోయినా, వేగంగా ఊపినా తప్పు చేయకుండా గుణించే వాటికి మాత్రమే ఆ పేరు దక్కుతుంది. కొన్ని ఐసీలలో రిఫరెన్సు లోపలే కట్టివేసి ఉంటుంది, కొన్నింటిలో సరఫరా వోల్టేజే రిఫరెన్సు. ఎంసీపీ4725 ఆ రెండవ రకం. దానికి పాట ఇవ్వడానికి పిన్నే లేదు, సరఫరాలో ఉన్న గోల మాత్రం బయటికి వస్తుంది. ఎంసీపీ4921కు రిఫరెన్సు పిన్ను వేరుగా ఉంది, కానీ అది సున్నాకూ సరఫరాకూ నడుమ మాత్రమే తిరగాలి కాబట్టి పర్లాకిమిడి వారి దబదబ మళ్ళీ మొదలవుతుంది.

మీకు కావలసినది ఏడీ7533 వంటి సీమాస్ ఐసీ. ఇది 10 బిట్లది. అదే వరుసలో మొదటిదైన ఏడీ7520ని అనలాగ్ డివైసెస్ సంస్థ 1970లలో తెచ్చింది. 12 బిట్లు కావాలంటే ఏడీ7541 ఉంది. వీటి లోపల ట్రాన్సిస్టరు కరెంటు మూలాలు లేవు. ఉన్నది రెసిస్టర్ల నిచ్చెన ఒక్కటే: నిలువు కమ్మీలు 10 కిలో ఓములు, మెట్లు 20 కిలో ఓములు. పాట రిఫరెన్సు అయిన 15వ పిన్నులో ప్రవేశిస్తుంది. మొదటి మెట్టు దగ్గర కరెంటులో సగం చీలుతుంది, రెండవ మెట్టు దగ్గర మిగిలినదానిలో సగం, ఇలా పదిసార్లు సగమవుతూ పోతుంది. ప్రతి మెట్టు చివర ఒక స్విచ్చు ఉంటుంది. బిట్టు 1 అయితే ఆ భాగం 1వ పిన్నుకు, 0 అయితే 2వ పిన్నుకు పోతుంది. 2వ పిన్నును భూమికి కలుపుతాము. 1వ పిన్ను ఆప్ ఆంప్ మైనస్ కాలికి వెళుతుంది, అదీ సున్నా వోల్టుల దగ్గరే నిలిచి ఉంటుంది. అంటే స్విచ్చు ఎటు తిరిగినా దానికి కనిపించేది సున్నాయే. అందువల్ల నిచ్చెనలో కరెంటు మారదు, పాట ఇచ్చే మూలానికి ఎప్పుడూ అదే 10 కిలో ఓముల బరువు ఉంటుంది. రెసిస్టరుకు దిక్కు లేదు కాబట్టి అలలో పై సగమూ కింది సగమూ సమానంగా ప్రయాణిస్తాయి.

ఇంకొక్క మాట. ఫీడ్‌బ్యాకు రెసిస్టరును (ఆప్ ఆంప్ బయటి కాలి నుంచి మైనస్ కాలికి తిరిగి వచ్చే దారిలోది) బయట మీరు పెట్టవద్దు. 16వ పిన్ను వెనక అదే సిలికాను ముక్క మీద ఒకటి ఉంది. ఆ నిచ్చెన రెసిస్టర్ల అసలు విలువ ఐసీకీ ఐసీకీ 5 నుంచి 20 కిలో ఓముల దాకా తేడా ఉండవచ్చు, కానీ లోపలివన్నీ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి, కాబట్టి నిష్పత్తి చెదరదు. బయటి రెసిస్టరు పెడితే ఆ కుటుంబంలో పరాయిది చేరినట్టే.

బరంపురం_రేడియో
నలభై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నాను. నిచ్చెనే కావాలంటే దానికి ఐసీ ఎందుకు? 10 కిలో ఓముల రెసిస్టర్లు 25 ఉంటే 8 బిట్ల నిచ్చెన తయారవుతుంది. 20 కిలో ఓములు కావలసిన చోట రెండింటిని వరుసగా కలిపితే సరిపోతుంది. ఆర్డునో పిన్నులనే స్విచ్చులుగా వాడుకోవచ్చు. నేను చేశాను, పని చేసింది. పైగా కొట్లలో ఐసీలను నమ్మలేము. ఒకసారి డీఏసీ0808 అడిగితే, రెండూ ఒకటేనని చెప్పి డీఏసీ0800 ఇచ్చారు. పిన్నుల వరుస చాలావరకు ఒకటే, నిజమే, కానీ 0808లో ఖాళీగా వదిలే 1వ పిన్ను 0800లో లాజిక్ హద్దును నిర్ణయించేది. దాన్ని భూమికి కలపకుండా వదిలేసినందుకు అది 1ని 0గా, 0ని 1గా తోచినట్లు చదువుకుంటూ కూర్చుంది.

సిరొంచ_ప్రాణహిత
బరంపురం పెద్దాయన నిచ్చెన పని చేస్తుందనడంలో అనుమానం లేదు, కానీ అది గుణించేది దేనిని? ఆర్డునో పిన్ను ఎత్తినప్పుడు దాని నుంచి వచ్చేది దాని సొంత 5 వోల్టులు. ఆ 5 వోల్టులే అక్కడ రిఫరెన్సు. అందులోకి పాట వెళ్ళే దారి లేదు. పాటను గుణించాలంటే ప్రతి మెట్టు దగ్గరా పాటను మోయగల అనలాగ్ స్విచ్చు, అంటే సీడీ4053 వంటిది, పెట్టాలి. అప్పుడు ఆ స్విచ్చు సొంత నిరోధం వందల ఓములలో వచ్చి 20 కిలో ఓములకు తోడవుతుంది.

గుణుపురం_ల్యాబు
రెసిస్టర్ల ఖచ్చితత్వం మాట కూడా చూడండి. 8 బిట్ల నిచ్చెనలో పెద్ద బిట్టు ఒక్కటే 128 మెట్ల బరువు మోస్తుంది. ఆ ఒక్క కాలిలో 1 శాతం తేడా ఉంటే 1.28 మెట్ల తప్పు వస్తుంది. దాని అర్థం, 127 నుంచి 128కి ఎక్కవలసిన చోట దిగే ప్రమాదం ఉంది. 5 శాతం రెసిస్టర్లతో అయితే 6 మెట్లు దాటవచ్చు.

బరంపురం_రేడియో
మాస్టారు చెప్పినది నా కళ్ళతో చూసినదే, దాచిపెట్టడం ఎందుకు. మొదటిసారి బంగారు గీత ఉన్న 5 శాతం రెసిస్టర్లతో కట్టాను. మల్టీమీటరు పెట్టి సంఖ్యను ఒక్కొక్కటిగా పెంచుతూ పోతే 127 దాకా బుద్ధిగా ఎక్కింది. 128 దగ్గర 40 మిల్లీవోల్టులు దిగింది. మీటరు బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చి కూడా చూశాను. తరువాత 1 శాతం రెసిస్టర్లు 200 తెచ్చి, ఒక్కొక్కటీ కొలిచి, దగ్గరి విలువలున్నవాటిని పెద్ద బిట్లకు ఏరుకున్నాను. రెండు సాయంత్రాలు పట్టింది. అప్పుడు నిచ్చెన నిలబడింది. పాట దానిలోకి పోదన్న మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. నేను కట్టినది వోల్టేజి పుట్టించడానికి, పాటను తగ్గించడానికి కాదు.

బల్లార్షా_ప్యాసింజరు
ఇంత కష్టమెందుకన్నది నా ప్రశ్న. శబ్దం కోసమే తయారైన పీజీఏ2311 ఉంది, అర డెసిబెల్ మెట్లతో 95.5 డెసిబెల్‌ల దాకా తగ్గిస్తుంది, 31.5 దాకా పెంచుతుంది కూడా. తక్కువలో కావాలంటే ఎక్స్9సీ103 అనే డిజిటల్ పొటెన్షియోమీటరు ఉంది, దానిలో నూరు మెట్లు ఉంటాయి. పర్లాకిమిడి వారికి కావలసింది బొత్తాము నొక్కితే శబ్దం తగ్గడమే కదా, పరిశోధన కాదు.

పర్లాకిమిడి_మైకుసెట్టు
బల్లార్షా వారి మాట న్యాయమే, దుకాణం నడిపేవాడికి అదే సులువు. కానీ ఇప్పుడు నాకు సంగతి తెలుసుకోవాలన్న పట్టుదల పుట్టింది. విశాఖ వెళ్ళిన మా బావమరిది చేత ఏడీ7533లు రెండు తెప్పిస్తున్నాను. ఒకటి కాలిపోవడానికి, ఒకటి పని చేయడానికి.

ధర్మాబాద్_కారం
ఐసీ వచ్చేలోగా సంఖ్యల పట్టిక తయారు చేసుకోండి, లేకుంటే మరో నిరాశ ఎదురవుతుంది. బొత్తాము నొక్కినప్పుడల్లా సంఖ్యను ఒకటి పెంచితే చెవికి నచ్చదు. 1 నుంచి 2కు పోతే శబ్దం ఒక్కసారిగా 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. 254 నుంచి 255కు పోతే 0.03 డెసిబెల్ మాత్రమే పెరుగుతుంది, అది ఏ చెవికీ వినపడదు. చెవి కూడికను కాదు, నిష్పత్తిని వింటుంది. మేము ఒక పాఠశాల ప్రార్థన సెట్టుకు మొదటిసారి ఇలాగే కూడిక పద్ధతి పెట్టాము. ప్రధానోపాధ్యాయుడు బొత్తామును నలభైసార్లు నొక్కి ఏమీ తగ్గలేదని విసుక్కున్నారు, ఆ తరువాత చివరి మూడు నొక్కులకు జాతీయగీతం మాయమైంది.

కాబట్టి 1.5 డెసిబెల్‌ల చొప్పున 32 మెట్ల పట్టిక వేసుకోండి. ఇక్కడే 8 బిట్ల బలహీనత బయటపడుతుంది. నేను లెక్క వేశాను: 255ను 46.5 డెసిబెల్‌లు తగ్గిస్తే 1.2, 45 తగ్గిస్తే 1.4, రెండూ 1గానే మిగులుతాయి. వాటి పైన 43.5, 42 దగ్గర రెండూ 2 అవుతాయి. అంటే అడుగున నాలుగు మెట్లలో రెండు దండగ. 10 బిట్లలో అవే నాలుగు మెట్లు 5, 6, 7, 8 అవుతాయి. అడుగు మెట్లు పూర్తిగా సమానం కావు, కానీ దేనికదే వేరుగా వినిపిస్తుంది. సిరొంచ వారు 10 బిట్ల ఐసీ చెప్పడం అందుకు కూడా కలిసివచ్చింది.

జయపురం_తీగలు
ధర్మాబాద్ వారు మిరపకాయల్లాగా డెసిబెల్‌లను కూడా ఏరి రాశి పోస్తారని తెలియదు.

పర్లాకిమిడి_మైకుసెట్టు
ఐసీలు వచ్చాయి. ఏడీ7533ను సాకెట్టులో పెట్టి, 14వ పిన్నుకు 15 వోల్టులు ఇచ్చి, సిరొంచ వారు చెప్పినట్లు 16వ పిన్నును ఆప్ ఆంప్ బయటి కాలికి కలిపాను. ఈసారి పెద్ద బిట్టు ఏదో ముందే చూసుకున్నాను: 4వ పిన్ను. పాట నిండుగా వచ్చింది, కింది సగం కూడా ఉంది. సంతోషంలో ఆ రాత్రి భోజనం ఆలస్యమైంది. కానీ మూడు సంగతులు మిగిలాయి.

ఒకటి, మెట్టు మారినప్పుడల్లా సన్నగా టిక్కుమంటోంది, కొన్ని మెట్ల దగ్గర మరీ గట్టిగా. రెండు, సంఖ్య సున్నా చేసినా పూర్తి మౌనం రావడం లేదు. హరికథ రికార్డు పెట్టి చూస్తే దాసుగారి గొంతు వినపడదు, చిడతలు మాత్రం దూరం నుంచి వినపడుతున్నాయి. మూడు, మీటలు ఏవీ ముట్టుకోకపోయినా ఆప్ ఆంప్ బయట స్కోపులో సన్నని మసక గీత కనిపిస్తోంది, అల దళసరిగా ఉన్నట్టు.

సిరొంచ_ప్రాణహిత
చిడతలు మాత్రమే వినపడుతున్నాయంటే జవాబు మీరే చెప్పారు. పాట వచ్చే 15వ పిన్ను తీగ, 1వ పిన్ను నుంచి ఆప్ ఆంప్‌కు పోయే తీగ మీ బోర్డు మీద పక్కపక్కన నడుస్తున్నాయి. వాటి నడుమ 1 పికోఫారాడు ఉన్నా చాలు. 10 కిలోహెర్ట్‌జ్ దగ్గర అది దాదాపు 16 మెగా ఓముల దారి, దానికి ఎదురుగా మీ ఫీడ్‌బ్యాకు 10 కిలో ఓములు. లెక్క వేస్తే 64 డెసిబెల్‌ల దిగువన పాట దొడ్డిదారిన పోతోంది. ఎత్తు స్వరం ఎంత పెరిగితే అంత ఎక్కువగా కారుతుంది. గొంతు కిందిది, చిడతలు పైవి. ఆ రెండు తీగలను విడదీసి, నడుమ భూమికి కలిపిన గీత ఒకటి వేయండి. ఆప్ ఆంప్‌ను 1వ పిన్నుకు ఆనుకునేలా జరపండి.

గుణుపురం_ల్యాబు
మూడవ సంగతి నాకు పాత పరిచయం. అది మసక కాదు, ఆప్ ఆంప్ తనలో తాను ఊగడం. 1వ పిన్ను దగ్గర ఐసీ సొంత కెపాసిటన్సు ఉంటుంది, అది కూడా సంఖ్యను బట్టి మారుతుంది. స్విచ్చులన్నీ అటు తిరిగితే ఎక్కువ, ఇటు తిరిగితే తక్కువ. ఫీడ్‌బ్యాకు మీదుగా, అంటే ఆప్ ఆంప్ మైనస్ కాలికీ బయటి కాలికీ నడుమ, 22 లేక 33 పికోఫారాడ్ల చిన్న కండెన్సరు వేయండి. స్కోపులో గీత సన్నబడుతుంది. ఇప్పటికీ 741నే వాడుతున్నారా? అది మైక్రోసెకనుకు అర వోల్టు మాత్రమే కదలగలదు. 10 వోల్టుల ఎత్తున్న అలను 8 కిలోహెర్ట్‌జ్ దాటి మోయలేదు.

బరంపురం_రేడియో
ఇక్కడ మాస్టారితో విభేదించక తప్పదు. మైకుసెట్టులో ఈ స్థానంలో పాట ఎత్తు 1 వోల్టు ఉంటే గొప్ప. 1 వోల్టును 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర మోయడానికి మైక్రోసెకనుకు 0.13 వోల్టు చాలు. పాపం 741ని ఈ నేరానికి ఉరితీయనక్కరలేదు.

గుణుపురం_ల్యాబు
లెక్క మీదే ఒప్పు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా 741ని సమర్థించను. దాని బుసబుస ఎక్కువ, సభాస్థలిలో వందల వాట్ల వెనక అది వినిపిస్తుంది. టీఎల్072 గానీ ఎన్ఈ5532 గానీ పెట్టమంటాను. ఆఫ్‌సెట్టు (ఆప్ ఆంప్ లోపల తనంతట ఉండే చిన్న నిలకడ వోల్టేజి) కూడా చూసుకోవాలి. నిచ్చెన 1వ పిన్ను వైపు చూపే నిరోధం సంఖ్యతో మారుతుంది కాబట్టి, ఆప్ ఆంప్ సొంత ఆఫ్‌సెట్టు బయటికి ఎంత కనబడుతుందన్నది కూడా సంఖ్యతో మారుతుంది. కొన్ని మిల్లీవోల్టుల ఆ మార్పే మీ టిక్కులో ఒక పాలు. పాటతో పాటు ముందు దశ నుంచి నిలకడ వోల్టేజి ఏమైనా వస్తుంటే అది రెండవ పాలు. 15వ పిన్నుకు ముందు 10 మైక్రోఫారాడ్ల కండెన్సరు వేస్తే, 10 కిలో ఓముల బరువు మీద అది 1.6 హెర్ట్‌జ్ నుంచి పైవన్నీ పోనిస్తుంది, నిలకడను ఆపుతుంది.

ధర్మాబాద్_కారం
టిక్కులో మూడవ పాలు మీ ప్రోగ్రాములో ఉందని నా అనుమానం. పది బిట్లను ఊనోలో ఎలా పంపుతున్నారు? ఎనిమిది బిట్లు ఒక పోర్టు (ఒకేసారి రాయగల పిన్నుల గుంపు) మీద, మిగిలిన రెండు మరో పోర్టు మీద అయితే, మొదటిది రాసి రెండవది రాసే లోపల ఐసీ దగ్గర ఉన్నది పాతా కొత్తా కాని మూడో సంఖ్య. 255 నుంచి 256కు పోవాలనుకోండి. కింది ఎనిమిది బిట్లు ముందు మారితే ఒక క్షణం సంఖ్య సున్నా. పైవి ముందు మారితే ఒక క్షణం 511. ఏడీ7533 లోపల లాచి (సంఖ్యను పట్టి ఉంచే భాగం) లేదు, ఇచ్చింది ఇచ్చినట్టు గుణిస్తుంది.

పర్లాకిమిడి_మైకుసెట్టు
సరిగ్గా అలాగే రాశాను. ఎనిమిది బిట్లు 0 నుంచి 7వ పిన్ను దాకా, రెండు బిట్లు 8, 9 మీద.

జయపురం_తీగలు
0, 1 పిన్నులు కంప్యూటరుతో మాట్లాడే తీగలు కూడా. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు మీ స్పీకరులో ఏదైనా సంగీతం వినిపించి ఉండాలి.

పర్లాకిమిడి_మైకుసెట్టు
వినిపించింది. పిచ్చుకలు అనుకున్నాను.

ధర్మాబాద్_కారం
అయితే ఆ పది తీగలూ పీకేయండి. 74హెచ్‌సీ595లు రెండు వరుసగా పెడితే ఊనో నుంచి మూడు తీగలే సరిపోతాయి. బిట్లన్నీ లోపల వరుసగా చేరేదాకా బయటి పిన్నులు కదలవు, చివరి లాచి దెబ్బకు పదీ ఒక్కసారి మారతాయి. ఆ తరువాత కూడా చిన్న టిక్కు మిగిలితే, పాట అల సున్నాను దాటే క్షణం కోసం కాచి ఉండి అప్పుడే సంఖ్యను మార్చండి. ఎల్ఎం393 కంపారేటరు ఒకటి ఆ క్షణాన్ని చెబుతుంది. సున్నాను దేనితో గుణించినా సున్నాయే కాబట్టి ఆ నిమిషానికి సంఖ్య మారినా బయట దూకుడు ఉండదు. ఒక జాగ్రత్త: పాట ఆగి ఉన్నప్పుడు దాటే క్షణమే రాదు, ప్రోగ్రాము అక్కడే నిలిచిపోతుంది. 25 మిల్లీసెకన్లు చూసి, రాకపోతే మార్చేయాలి.

రాయగడ_విద్యార్థి
ఒక ప్రశ్న, ఒక ఒప్పుకోలు. ఈ చర్చ చదివి ప్రయోగశాలలో నేను పిన్నులను తిప్పి కట్టాను: పాటను 16వ పిన్నుకు ఇచ్చి, ఆప్ ఆంప్ బయటి కాలిని 15కు కలిపాను. గుణకారం భాగహారం అవుతుందేమో చూద్దామనుకున్నాను. 512 దగ్గర శబ్దం రెట్టింపైంది, 256 దగ్గర నాలుగింతలైంది. దించుతూ పోయి సున్నా పంపాను. స్పీకరు ఢామ్మంది, పక్క గది నుంచి అటెండరు పరుగెత్తుకొచ్చారు. ఎందుకు?

సిరొంచ_ప్రాణహిత
మీరు నిచ్చెనను ఫీడ్‌బ్యాకులో పెట్టారు. అప్పుడు పాట 1024తో గుణించబడి మీ సంఖ్యతో భాగించబడుతుంది. సున్నాతో భాగించమని అడిగితే నిచ్చెనలోని స్విచ్చులన్నీ భూమి వైపు తిరిగి ఫీడ్‌బ్యాకు పూర్తిగా తెగిపోయింది, పట్టుకునే తాడు లేక ఆప్ ఆంప్ సరఫరా అంచుకు వెళ్ళి కొట్టుకుంది. లెక్కల మాస్టారు సున్నాతో భాగించకూడదని చెబితే మనం వినము, స్పీకరు చెబితే వింటాము. ప్రోగ్రాములో కింది హద్దు 16 పెట్టుకోండి, 64 రెట్లకు మించి పోదు.

పర్లాకిమిడి_మైకుసెట్టు
ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో మూడు పెళ్ళిళ్ళు వచ్చాయి. 33 పికోఫారాడ్లతో గీత సన్నబడింది. తీగలు విడదీసి నడుమ భూమి గీత వేశాక చిడతలు పోయాయి. చెవి స్పీకరుకు ఆనిస్తే ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ పందిట్లో అలా ఎవరూ వినరు. 595లు పెట్టాక గట్టి టిక్కులన్నీ పోయాయి. ఎన్ఈ5532 పెట్టి, ముందు కండెన్సరు వేశాను. కంపారేటరు ఇంకా పెట్టలేదు, మెల్లగా తంబూరా మోగేటప్పుడు తప్ప మిగిలిన టిక్కు వినబడడం లేదు.

మొన్న కాశీనగరంలో పెళ్ళికి ఈ సెట్టే తీసుకెళ్ళాను. గట్టిమేళం అనగానే పై బొత్తాము నాలుగుసార్లు నొక్కాను, 6 డెసిబెల్‌లు పెరిగింది, ఎవరూ తిరిగి చూడలేదు. రెండవ ఏడీ7533 ఇంకా పెట్టెలోనే ఉంది, కాలలేదు.

బల్లార్షా_ప్యాసింజరు
సర్క్యూట్టు బొమ్మ పెట్టగలరా? పీజీఏ2311 మాట ఎత్తినవాడినే అయినా ఇప్పుడు నాకూ కట్టాలని ఉంది.

పర్లాకిమిడి_మైకుసెట్టు
పెళ్ళిపత్రిక వెనక గీసినది ఉంది. 15, 16 పిన్నులను అందులో ఒకచోట తారుమారుగా రాశాను, దిద్ది రేపు దుకాణం తెరిచాక ఫొటో పెడతాను. దిద్దకుండా పెడితే రాయగడ తమ్ముడి అటెండరు మీ ఊరు దాకా పరుగెత్తాల్సి వస్తుంది.